ఊనా లేని పదమూడు నెలలు

పెంగెల్లీ రేవులో ఊనా పాస్కోని ఎరగనివాళ్ళు లేరు గానీ, ఆమె చేసే పనికి పేరు మాత్రం ఎవరూ పెట్టలేకపోయారు. ఇళ్ళకి కాపలా కాస్తుందని కొందరు అనేవారు. అది నిజం కాదు, ఆ ఇళ్ళలో దొంగలు ఎత్తుకుపోదగ్గది ఏదీ లేదు. ఊడ్చి తుడుస్తుందని మరికొందరు. అదీ కాదు, ఊనాకి చీపురంటే పుట్టుకతోనే పడదు. ఆమె చేసిందల్లా ఆ ఇళ్ళలో ఉండటం. ఇరవయ్యారేళ్ళపాటు, ఒకరి తరువాత ఒకరి ఇంట్లో, వాళ్ళకి బదులుగా ఉండటం.

రేవులో తొమ్మిది ఇళ్ళుండేవి. వేటకి వచ్చిన తాతలు దొరికిన చెక్కతో, రేకుతో ఇసుకదిబ్బ అంచున కట్టుకున్నవి. నేల ఎవరిది వాళ్ళదే, పత్రాలున్నాయి. కానీ సముద్రం ఏటా ఓ మూర చొప్పున దిబ్బని కొరుక్కుంటూ వచ్చింది. కౌన్సిల్ వాళ్ళు ఇళ్ళ వెనకాల వరసగా పసుపురంగు గుంజలు పాతి వెళ్ళారు. ఆ గుంజలకి సముద్రం వైపు ఇక కొత్తగా ఏదీ కట్టకూడదు. పాతది పాతదిగా నిలబడొచ్చు, దానికి రెండు షరతులు. మరమ్మతు సగానికి మించకూడదు, మించితే అది కొత్త ఇల్లే. రెండోది, వరసగా పన్నెండు నెలలు మనిషి అలికిడి లేకుండా ఉండకూడదు. ఉంటే ఆ ఇల్లు ఉన్నా లేనట్టే లెక్క. పీకేయాలి.

ఇంటివాళ్ళలో కొందరు అన్నదమ్ముల తగాదాల్లో ఉన్నారు, కొందరు ఉత్తరాన గనుల్లో ఉన్నారు, ఒకావిడ మొగుడు మునిగిపోయిన నీళ్ళని మళ్ళీ చూడలేనని ఒట్టు పెట్టుకుంది. అలాంటి ఇళ్ళకి ఊనా వెళ్ళేది. బదులుగా వాళ్ళు పండగలకి పంపే పీతలు, పేస్టీలనే మాంసం కజ్జికాయలు, ఎవరి మనసుకి తోచింది వాళ్ళు ఇచ్చేవారు.

ఆమెకో పట్టుదల ఉండేది. కుళాయి తిప్పి, లైటు వేసి, మీటరుకి నాలుగు అంకెలు ఎక్కించి వచ్చేయడం ఆమె దృష్టిలో దొంగతనం. నిజంగా ఉండాలి. ఆ ఇంట్లో మనుషులు ఎలా ఉండేవారో అలాగే ఉండాలి. హాకింగ్ వాళ్ళింట్లో పదకొండింటికి వెన్న రాసి రొట్టె కాల్చుకుని తినేది, హాకింగ్ ముసలావిడ అలవాటది. మునిగిపోయినవాడి ఇంట్లో అతని గుర్తుగా తడి బూట్లు గుమ్మం బయటే విప్పేది. ఏడాది చివర్న కౌన్సిల్ కాగితం మీద, ఇల్లు వాడకంలో ఉందని సంతకం పెట్టేది. ఆ సంతకం కింద అబద్ధం ఎన్నడూ లేదు.

ఎంత మొండిదంటే, ఒకసారి హాకింగ్ కొడుకులు తాళం చెవి పోగొట్టి, తాళం మార్పించకుండా పద్నాలుగు నెలలు నానబెట్టి, "ఊనా, ఒక్క గీత గీసెయ్, ఎవడు చూస్తాడు?" అని బతిమాలారు. ఆమె గీయలేదు. హాకింగ్ ఇల్లు పీకేశారు. ఇప్పుడక్కడ సిమెంటు పలక ఒకటి మిగిలింది. పదకొండు గంటల వేళ ఆ పక్కగా వెళ్తే ఊనాకి ఒక్కోసారి కాలిన రొట్టె వాసన వచ్చేది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

తన సొంత ఇల్లు తొమ్మిదోది, చిట్టచివరిది. పెదనాన్న రాసిచ్చిపోయింది. లోకంలో ఆమెకున్న గూడు అదొక్కటే. అక్కడ ఆమె అలవాటు సాయంత్రం నాలుగింటి టీ. కిటికీ దగ్గర బల్ల, బల్లకి రెండు కుర్చీలు. ఎడమది తనది. కుడిదానికి ఒక కాలు పొట్టి, వచ్చినవాళ్ళకి అదే. వచ్చేవాడు క్లారీ ఒక్కడే. మూడో ఇంటి వడ్రంగి, ఆమెకంటే రెండేళ్ళు పెద్ద. కూర్చున్న ప్రతిసారీ కుర్చీ టక్కుమని ఒరిగేది, "చంపడానికే పిలుస్తావు నన్ను" అనేవాడు.

ఆ జూన్ నెలలో తుపాను వచ్చి దిబ్బ మెట్లలో కింది నాలుగూ పట్టుకుపోయింది. ఆ సంగతి ఊనా తెల్లవారి కాలు పెట్టాకగానీ తెలుసుకోలేదు. తుంటి విరిగింది. అడిలైడ్ ఆసుపత్రిలో కొత్త తుంటి వేశారు, దానికి చీము పట్టింది, తీసి మళ్ళీ వేశారు. ఆ తరువాత నడక నేర్చుకోవడానికి మేనకోడలు మెరిన్ ఇంట్లో ఉండిపోయింది. ఆసుపత్రి మంచం మీంచి ఆమె చేసిన మొదటి ఫోను క్లారీకి.

"నా ఇళ్ళు నీవి ఇక. రాసుకో ఎవరింట్లో ఏం చెయ్యాలో."

"రాసుకోడమెందుకు, ఇరవయ్యేళ్ళుగా వింటున్నా. మరి నీ ఇల్లు?"

"నాలుగింటికి టీ. పారబొయ్యకు, తాగు."

"నీ టీ గాడిద మూత్రంలా ఉంటుంది, అయినా తాగుతాలే."

తరువాత ఎప్పుడు ఫోను చేసినా క్లారీ ఒకటే మాట అనేవాడు. "నీ ఇల్లు బాగానే ఉంది. రోజూ నాలుగింటికి టీ అవుతోంది." ఆమె నిశ్చింతగా నిద్రపోయేది.

అక్కడి చలికాలమైన జూలైలో, పదమూడు నెలల తరువాత, చేతికర్రతో రేవులో దిగింది. కారు తలుపు తెరిచి పట్టుకున్నది క్లారీయే.

"తుంటి మార్చారట? రెండుసార్లట? చూసుకో తల్లీ, సగం దాటితే కౌన్సిల్ వాళ్ళు నిన్ను కొత్త కట్టడం అని రాసేస్తారు."

"నీ తలకాయ మార్చమంటే లోపల ఏమీ దొరకలేదన్నారట."

నవ్వుకుంటూనే గుమ్మం దాకా వచ్చారు. క్లారీ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

మూసి ఉంచిన ఇంటికి ఒక వాసన ఉంటుంది. ఎన్నో ఇళ్ళు తెరిచిన ఊనాకి ఆ వాసన అమ్మ గొంతంత తెలుసు. తలుపు తీయగానే అది వస్తుందని ఊపిరి బిగబట్టింది. రాలేదు. టీ ఆకు వాసన, అల్లం బిస్కెట్ల వాసన. గట్టు మీద కప్పు బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే కింద తడి గుండ్రంగా ఉంది.

"బాగా చూసుకున్నావు క్లారీ," అంది బయటికి వినిపించేలా. "ఇవాళ పొద్దున కూడా తాగావా?"

తిరిగి చూస్తే క్లారీ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"ఊనా, నేను రాలేదు."

"ఇవాళా?"

"ఎప్పుడూ. నువ్వు పడిన మూడోరోజు వచ్చాను, నాలుగింటికి. తాళం చెవి పెట్టబోతుంటే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. బల్ల మీద కప్పు, పైన ఆవిరి. మనిషి కనపడలేదు, అవతలి గదిలోకి వెళ్ళుంటారనుకున్నా. మీ మేనకోడలిని పెట్టావేమో అనుకున్నా. నువ్వు నాకు చెప్పకపోతేనేం, నీ ఇల్లు నీ ఇష్టం అని వెళ్ళిపోయా."

"మెరిన్ ఆ రోజు నా మంచం పక్కనుంది."

"నాకేం తెలుసు? ఆ తరువాత ఎప్పుడు అటు వెళ్ళినా నాలుగింటికి కెటిల్ కూత వినపడేది. అందుకే నీకు చెప్పా, టీ అవుతోందని. అవుతోందని చెప్పానుగానీ, నేను తాగానన్నానా?"

అనలేదు. అదీ నిజమే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకుని పదమూడు నెలలు గడిపేశారు.

దొంగెవడైనా చలికి దూరి ఉంటాడని ఇద్దరూ ఇల్లంతా వెదికారు. కిటికీల గడియలు తుప్పుతో బిగిసి ఉన్నాయి. మంచం మీద పరుపు చుట్ట చుట్టి ఉంది. ఎవరూ లేరు. ఆ సాయంత్రం నాలుగింటికి ఊనా కావాలనే క్లారీ ఇంట్లో పేస్టీ తింటూ కూర్చుంది. తరువాత వచ్చి పడుకుంది. ఆ రాత్రి ఏమీ జరగలేదు.

మర్నాడు పొద్దున్నే కౌన్సిల్ నుంచి డెస్పినా అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, బూట్లనిండా ఇసుక, చంకలో దస్త్రం. పసుపు గుంజల్ని లెక్కపెట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మిస్ పాస్కో గారూ, ఒంట్లో ఎలా ఉంది? మీరు పడిపోయిన సంగతి పేపర్లో చదివాను. మీరు ఊళ్ళో లేరని అందరికీ తెలుసు. అందుకే నేనే రావాల్సొచ్చింది."

"నేను లేకపోతే ఇల్లు పోయినట్టేనా అమ్మాయ్?"

"రూలు మీ గురించి అడగదండీ. ఇంటి గురించి అడుగుతుంది." డెస్పినా దస్త్రం తెరిచింది. "నిజం చెప్పాలంటే నేను భయపడుతూ వచ్చాను, పీకేయమని రాయాల్సొస్తుందేమోనని. కానీ మీటరు చూడండి. ప్రతి మూడు నెలలకీ తీసిన రీడింగు. అంతకుముందు ఏడాది ఎంత కరెంటు కాలిందో ఈ ఏడాదీ దాదాపు అంతే. ఎవరో ఉన్నారు. హాయిగా ఉన్నారు. ఎవరున్నారో పేరు రాసి, మీరు సంతకం పెట్టండి, చాలు."

"ఎవరూ లేరంటే?"

"అప్పుడు మీరు కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. గుంజకి ఇవతల కొత్తది ఇవ్వరు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆరు నెలల్లో ఖాళీ చెయ్యాలి. దయచేసి ఒక పేరు గుర్తు చేసుకోండి. రేపు సాయంత్రం వస్తాను."

ఆమె వెళ్ళాక ఊనా కాగితం బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. "ఈ కాలంలో ఇంట్లో నివసించినవారి పేరు" అని ఉంది, పక్కన గీత. గీత మీద ఏమీ రాయకపోతే ఇల్లు పోతుంది. ఎవరి పేరో ఒకటి రాస్తే ఇల్లు ఉంటుంది, హాకింగ్ వాళ్ళ సిమెంటు పలక పక్కనుంచి ఇక తలెత్తుకు నడవలేదు.

క్లారీ స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. "ఎలకలు వైరు కొరికుంటాయి. కరెంటు నేలలోకి కారుతుంటుంది. చిన్న సంగతి." మధ్యాహ్నమంతా గోడలు తడిమాడు, పలకలు ఊడదీశాడు, ఫ్రిజ్ తీగ పీకాడు, బల్బులన్నీ ఆర్పాడు. ఇంటి బయటి గోడకి ఉన్న మీటరు పెట్టె తెరిచి చూపించాడు. లోపల రేకు చక్రం, దాని అంచున ఎర్ర గుర్తు. చక్రం కదలటం లేదు.

"ఎక్కడా కారటం లేదు," అన్నాడు. సంతోషంగా అనలేదు.

"అయితే ఎవరు కాల్చారు?"

"నాకు తెలిసుంటే చెప్పనా? ఇదిగో ఊనా, నా పేరు రాసెయ్. నేను ఉన్నానని చెప్తా. నాకేం, నరకంలో నాకెలాగూ చోటు రిజర్వు అయ్యుంది."

"నువ్వు గుమ్మం దాటలేదని నువ్వే చెప్పావు."

"హాకింగ్ కుర్రాళ్ళ మీద చూపించిన పౌరుషం నీమీద నువ్వు చూపించుకోనక్కర్లేదే మొండిదానా!"

"వాళ్ళ ఇంటిమీద చూపించినదాన్ని నా ఇంటిమీద చూపించకపోతే అది పౌరుషమెలా అవుతుంది?"

క్లారీ గడియారం చూసుకున్నాడు. నాలుగుకి పది నిమిషాలు. ఇంట్లో కూర ఉడుకుతోందని గొణిగాడు. పొయ్యి వెలిగించడం రాని మనిషి. ఆమె పొమ్మంది.

ఊనా తలుపు తాళం వేసింది. తాళం చెవి కోటు జేబులో వేసుకుని మీటరు పెట్టె ముందు నిలబడింది. ఎండ పల్చగా ఉంది. దిబ్బమీద గడ్డి ఒకవైపుకే వాలి ఉంది. సముద్రం పోటుకి ఇంకా టైముంది. చక్రం మీది ఎర్ర గుర్తు ఆమెవైపే ఉంది, కదలకుండా.

సరిగ్గా నాలుగింటికి చక్రం కదిలింది.

ముందు నెమ్మదిగా, కళ్ళ భ్రమేమో అనుకునేంత నెమ్మదిగా. మరుక్షణం ఎర్ర గుర్తు గిర్రున తిరిగి వచ్చింది, మళ్ళీ వచ్చింది. ఇంట్లో కరెంటు కెటిల్ పెట్టినప్పుడు చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో ఊనాకి తెలుసు. లెక్కపెట్టుకుంటూ నిలబడింది. గోడకి అవతల నీళ్ళు గుసగుసలాడాయి. కెటిల్ కూసింది. చక్రం వేగం తగ్గి, ఎర్ర గుర్తు ముందుకొచ్చి ఆగిపోయింది. తరువాత కుర్చీ జరిగిన చప్పుడు.

పరిగెత్తగలిగితే క్లారీ ఇంటికి పరిగెత్తి ఉండేది. తుంటి పరిగెత్తనివ్వలేదు. అందుకే తాళం తీసింది.

గదిలో ఎవరూ లేరు. బల్ల మీద కప్పు ఉంది, నిండుగా. కప్పు చెవి సముద్రం వైపు తిప్పి ఉంది. సాసరులో అల్లం బిస్కెట్టు సగం. మిగతా సగం కిటికీ గట్టు మీద, సీగల్ పక్షి కోసం. ఆమె పక్షులకి సగం పెట్టడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. ఎడమ కుర్చీ బల్లనుంచి వెనక్కి జరిగి, కుడి మూల కొంచెం ముందుకి తిరిగి ఉంది. తుంటి విరగకముందు కుడిచేత్తో అంచు పట్టుకుని ఒక్క ఊపున లాగే అలవాటు తనకి. ఇప్పుడు కుడిచేతిలో కర్ర ఉంది. ఇప్పుడిక ఆమె అలా లాగలేదు.

కప్పులోంచి ఆవిరి నిటారుగా లేస్తోంది. ఉన్నట్టుండి పక్కకి వంగింది, ఎవరో ఊదినట్టు. నిటారైంది. మళ్ళీ వంగింది. తరువాత కదలలేదు.

ఊనా టీని రెండుసార్లే ఊదుతుంది.

భయం ఆమెకి కాళ్ళలోంచి ఎక్కింది గానీ, గుండె దాకా వచ్చేసరికి అది ఇంకేదో అయిపోయింది. ఇరవయ్యారేళ్ళు లేనివాళ్ళ అలవాట్లని ఆమె ఖాళీ ఇళ్ళకి అలవాటు చేసింది. ఉన్నట్టు ఉండటం ఎలాగో గోడలకి నేర్పింది. అన్నిటికంటే ఎక్కువగా ఈ గోడలకి. ఆమె లేనిరోజు అవి నేర్చుకున్నది అప్పజెప్పాయి. లేదా, మెట్లు లేనిచోట కాలు పెట్టిన ఆ పొద్దున, ఇక్కడినుంచి బయల్దేరింది ఆమెలో కొంత మాత్రమే అయ్యుంటుంది.

"ఊనా?" అంది మెల్లగా. తన పేరు తను పిలుచుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

ఎవరూ పలకలేదు. పనిలో ఉన్నప్పుడు పిలిస్తే తనూ పలకదు.

మర్నాడు సాయంత్రం మూడు దాటాక డెస్పినా వచ్చేసరికి కాగితం నింపి ఉంది. ఆ అమ్మాయి చదివి, తలెత్తింది.

"మిస్ పాస్కో గారూ, ఇందులో మీ పేరే రాశారు."

"అవును."

"మీరు అడిలైడ్‌లో ఉన్నారు కదండీ."

"అక్కడా ఉన్నాను. నువ్వే అన్నావుగా, రూలు నా గురించి అడగదని. ఈ ఇంట్లో ఎవరున్నారని అడిగింది. ఊనా పాస్కో ఉంది. ఇన్నేళ్ళలో మీ ఆఫీసుకి నేను అబద్ధం రాసిచ్చానేమో వెళ్ళి చూసుకో."

"చూశాను. హాకింగ్ వాళ్ళ దస్త్రం కూడా చూశాను." డెస్పినా పెన్ను అంచుని పళ్ళతో కొరికింది. కళ్ళు గట్టుమీది తడి కప్పు మీదికి వెళ్ళి, మీటరు కాగితం మీదికి తిరిగి వచ్చాయి. "దీనికి సాక్షి కావాలి. మిమ్మల్ని ఇక్కడ చూసినవాళ్ళు."

గుమ్మం బయటే నిలబడ్డ క్లారీ గొంతు సవరించుకున్నాడు. "ఆమె కుర్చీ లాగడం విన్నాను. ఆమె టీ చూశాను. అంత చెడ్డ టీ ఇంకెవరూ పెట్టరు." కాగితాన్ని గుమ్మంలోంచే చెయ్యి చాపి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.

డెస్పినా దస్త్రం మూసింది. ఊపిరి వదిలింది. "అయితే పాతది పాతదే. దాన్నెవరూ కదపరు." వెళ్ళబోతూ చేతికర్ర వైపు చూసి ఆగింది. "మీరు మెట్లకి బదులు వాలుబాట, పట్టుకోడానికి కమ్మీ కావాలంటారేమో. అవి కొత్తవి కదండీ, కొత్త రూలు ప్రకారమే కట్టుకోవాలి. గుంజకి అవతలే."

"తెలుసులే అమ్మాయ్."

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇల్లు నిలిచింది. ఊనా కళ్ళు తుడుచుకుని గడియారం చూసింది. నాలుగుకి ఒక్క నిమిషం. కెటిల్ వైపు వెళ్ళబోయి ఆగింది. అది అప్పటికే సన్నగా గుసగుస మొదలుపెట్టింది.

ఎడమ కుర్చీ వెనక్కి జరిగింది, కుడి మూల కొంచెం ముందుకి.

ఆమె ఆ వైపు వెళ్ళలేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పింది, వేరేవాళ్ళ ఇంట్లో విప్పినట్టు. కర్ర గోడకి ఆనించి కుడివైపు కుర్చీలో కూర్చుంది. అది టక్కుమని ఒరిగింది. బల్ల మీద కప్పు ఒక్కటే ఉంది. తనకి కూడా ఇంకోటి పెడతారేమోనని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.